కాలేజీ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో పాత టర్ఫ్ తీసి కొత్తది వేయించడం: అనంతపురం ఎండకు, గాలికి తగ్గట్టుగా

పాత టర్ఫ్ (ప్లాస్టిక్ పోచల కృత్రిమ గడ్డి) తీసేసి కొత్తది వేయిద్దాం అనుకోగానే కాలేజీల్లో మొదట జరిగే పని కొటేషన్లు తెప్పించడం. కంపెనీల వాళ్లు అరచేతి మందం పచ్చటి ముక్కలు తెస్తారు. కరస్పాండెంట్ గారు వాటిని తడిమి చూసి మెత్తగా ఉన్నదాన్ని ఎంచుతారు. పీడీ సార్ పక్కనే నిలబడి తలూపుతారు. ఏడాది తిరక్కుండానే గోల్ ముందు పల్లం పడుతుంది, వాన పడితే మూలన నీళ్లు నిలుస్తాయి. చాలాసార్లు ఆ పచ్చటి ముక్కలో లోపమేమీ ఉండదు. దాని కింద కంకర ఎలా ఉందో, నీళ్లు ఎటు పోతాయో ఎవరూ చూడలేదు, అంతే. టర్ఫ్ మార్చడమంటే ఆ కింది భాగాన్ని చూసే అవకాశం ఎనిమిది పదేళ్లకోసారి దొరకడం. దాన్ని వదులుకోకూడదు.

అనంతపురం, దాని చుట్టుపక్కల కాలేజీలను మనసులో పెట్టుకొని ఇది రాస్తున్నాను. కర్నూలు, కడప వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. ముందే ఒక మాట. యూట్యూబ్‌లో కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియం టర్ఫ్ అని వెతికితే వచ్చేవి ఎక్కువగా అమెరికా వీడియోలు. అక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, ఆట వేరు, గీతలు వేరు, పరీక్షలూ వేరే. వాళ్లు జీ-మ్యాక్స్ (నేల ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె) 200 దాటకూడదని మాట్లాడుకుంటారు. మన ఫుట్‌బాల్‌కు కావాల్సింది ఫిఫా క్వాలిటీ కొలతలు, అంటే టర్ఫ్‌కు ఫిఫా పెట్టిన ప్రమాణాలు. ఆ వీడియోల్లో పాతది ఎలా చుడుతున్నారో, యంత్రాలు ఎలా వాడుతున్నారో చూడండి, అంకెలు మాత్రం తీసుకోకండి.

నిజంగా మార్చాల్సిందేనా?

రంగు వెలిసిందని టర్ఫ్ మార్చకండి. రంగు పోయినా ఆటకు బాగా పనికొచ్చే టర్ఫ్ ఉంటుంది, మెరుస్తూనే కాళ్లు విరగ్గొట్టేదీ ఉంటుంది. పెద్ద ఖర్చు లేకుండా మీరే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి.

మంచి మ్యాచ్ బంతిని సరిగ్గా 2 మీటర్ల ఎత్తు నుంచి వదలండి. పక్కన గోడకు టేపు అతికించి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఎంత ఎగిరిందో తెలుస్తుంది. ఫిఫా క్వాలిటీ ప్రకారం 60 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు ఎగరాలి. మీటరు దాటితే కింద గట్టిపడిందని అర్థం. గోల్ ముందు, పెనాల్టీ స్పాట్ దగ్గర, సెంటర్‌లో, ఎవరూ పెద్దగా ఆడని మూలలో విడివిడిగా చేయండి. మూలలో బాగుండి గోల్ ముందు మాత్రమే చెడిపోతే మొత్తం మార్చక్కర్లేదు. ఆ ముక్కలు కోసి కొత్తవి అతికించి, పోచల మధ్య రబ్బరు గుళికలు నింపితే ఇంకో రెండు మూడేళ్లు నడుస్తుంది.

తర్వాత స్టీలు స్కేలు దింపి ఇసుక, రబ్బరు ఎంత లోతున్నాయో చూడండి. పోచను రెండు వేళ్లతో పట్టి గట్టిగా లాగండి. పుటుక్కున తెగి, వేళ్లకు పచ్చటి పొడి అంటితే ఎండ దాని పని పూర్తిచేసినట్టే. పోచ మొత్తం ఊడి వస్తే వెనకవైపు పూత పోయింది. ఈ రెండూ మైదానమంతా కనిపిస్తే మార్చడం తప్పదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఇక్కడ క్యాలెండరు కంటే వాతావరణమే పెద్ద మేనేజరు. సెలవులు మే నెలలో కాబట్టి అందరూ మేలోనే చేయిస్తారు. మేలో మధ్యాహ్నం టర్ఫ్ పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి షీటు సాగుతుంది, రాత్రికి కుంచించుకుపోతుంది. మధ్యాహ్నం కోసి అతికించిన జాయింటు తెల్లారేసరికి నోరు తెరుస్తుంది. పోనీ జూన్‌కు జరుపుదామంటే గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ గాలి ఎలా వీస్తుందో, జిల్లాలో గాలిమరలు ఎందుకు పెట్టారో మనకు తెలిసిందే. చుట్ట విప్పిన షీటును నలుగురు పట్టుకున్నా నిలవదు, నల్ల రబ్బరు గుళికలు క్లాసు రూముల్లోకి వస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు మనకు పడే కాస్త వానకూ ప్రధానమైనవి. బేస్ (టర్ఫ్ కింది కంకర పొర) తెరిచి పెట్టుకునే కాలం కాదు.

నా లెక్కలో డిసెంబరు నుంచి మార్చి మధ్య దాకా మంచి కాలం. అంతర్ కళాశాలల టోర్నమెంట్లు అడ్డమొస్తాయని పీడీ సార్లు ఒప్పుకోరు. అలాంటప్పుడు పాతది తీయడం, బేస్ సరిచేయడం ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. షీటు పరిచే పని మాత్రం తెల్లవారుజామున మొదలై తొమ్మిదిన్నరకల్లా ఆగాలని కాంట్రాక్టులోనే రాయించండి. సాయంత్రం ఐదు తర్వాత మళ్లీ మొదలుపెట్టవచ్చు. లైట్లు పెట్టి రాత్రి పని చేయించడానికి అయ్యే ఖర్చు, రెండో ఏడాది జాయింట్లు బాగుచేయించే ఖర్చుతో పోలిస్తే తక్కువే.

కాగితం మీద ఏం రాయించాలి

ముందు విస్తీర్ణం తేల్చుకోండి. ఆట స్థలం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు అనుకుందాం. చుట్టూ 3 మీటర్ల చొప్పున ఖాళీ కలిపితే 111 గుణించు 74, అంటే 8,214 చదరపు మీటర్లు. అంత స్థలం లేని కాలేజీలు దిగులు పడక్కర్లేదు. ఆట నియమాల్లో పొడవు 90 నుంచి 120, వెడల్పు 45 నుంచి 90 మీటర్ల దాకా ఒప్పుకుంటారు. చుట్టూ ఖాళీ తగ్గించి ఆట స్థలం పెంచడం మాత్రం వద్దు. పరుగెత్తుతూ వచ్చిన పిల్లాడు కాంక్రీటు గట్టుకు తగులుకుంటాడు.

కొటేషన్ అడిగేటప్పుడు అన్నీ కలిపి చదరపు అడుగుకు ఇంత అనే ఒక్క రేటు ఒప్పుకోకండి. పాతది తీసి తరలించడం, బేస్ మరమ్మతు, షాక్ ప్యాడ్ (షీటు కింద పరిచే మెత్తటి పొర), షీటు, జిగురు, టేపు, ఇసుక, రబ్బరు, గీతలు, పరీక్షలు విడివిడిగా రాయమనండి. అలా రాయిస్తేనే ఎవరు ఎక్కడ కోత పెడుతున్నారో కనిపిస్తుంది. రేటు తక్కువ ఇచ్చినవాళ్లలో చాలామంది రబ్బరు దగ్గరే తగ్గిస్తారు. అది పైకి కనిపించదు కదా. ప్రభుత్వ కాలేజీ అయితే జెమ్ పోర్టల్ (ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్), టెండరు నిబంధనలు ఎలాగూ ఉంటాయి. ప్రైవేటు కాలేజీకి అవి లేవు కాబట్టి ఇంకా జాగ్రత్తగా రాసుకోవాలి.

షీటు గురించి పోచ పొడవు, పోచ రకం, చదరపు మీటరుకు కుచ్చుల సంఖ్య, షీటు బరువు, ఎండకు తట్టుకునే పరీక్ష రిపోర్టు అడగండి. ఫుట్‌బాల్‌కు 50 లేదా 60 ఎంఎం పోచ వాడతారు. బాక్స్ క్రికెట్ వాళ్లు వేసే పొట్టి రకం తక్కువకు వస్తుందని మోసపోవద్దు. నచ్చిన నమూనా ముక్కను రెండుగా కోసి, ఇద్దరూ సంతకాలు చేసి, ఒకటి ఆఫీసు బీరువాలో పెట్టండి. సరుకు దిగిన రోజు దానితో పోల్చాలి.

వారంటీ కాగితం చివరి పేజీ దాకా చదవండి. ఎనిమిదేళ్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏటా విలువ తగ్గిస్తూ పోతామని, వారానికి ఇన్ని గంటలకు మించి ఆడకూడదని, బ్రష్ కొట్టిన రికార్డు లేకపోతే చెల్లదని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పాతదాన్ని తీయడం

ఎనిమిది వేల చదరపు మీటర్ల మైదానంలో ఇసుక, రబ్బరు కలిపి దాదాపు రెండు వందల టన్నులు ఉంటాయి. షీటే ఇరవై టన్నుల దాకా తూగుతుంది. జేసీబీతో గీకేస్తే ఒక్క రోజులో అయిపోతుందని కాంట్రాక్టరు అంటాడు. ఒప్పుకోకండి. జేసీబీ పళ్లు బేస్ మీద కంకరను పెళ్లగిస్తాయి, మొత్తం మళ్లీ లెవెల్ చేయాల్సి వస్తుంది. షాక్ ప్యాడ్ ఉంటే అదీ చిరుగుతుంది.

ముందు తిరిగే బ్రష్ ఉన్న యంత్రంతో ఇసుక, రబ్బరు పైకి లాగించాలి. అది దొరక్కపోతే షీటును రెండు మీటర్ల పట్టీలుగా కోసి, తిరగేసి, దులిపి చుట్టాలి. కూలీలు ఎక్కువ పడతారు గానీ బేస్ దెబ్బతినదు. కత్తి లోతుగా దిగకుండా చూసుకోవాలి. తడిసిన షీటు బరువు బాగా పెరుగుతుంది కాబట్టి వాన పడిన మర్నాడు ఈ పని పెట్టుకోవద్దు.

తీస్తున్నప్పుడు పీడీ సార్ గానీ, సివిల్ డిపార్ట్‌మెంట్ లెక్చరర్ గానీ తప్పకుండా పక్కన ఉండాలి. ఎక్కడ షీటు కింద బురద ఉంది, ఎక్కడ వేర్లు దూరాయి, ఎక్కడ జిగురు ఊడింది, ఇవన్నీ మైదానం బొమ్మ గీసి దాని మీద గుర్తు పెట్టాలి. రేపు బేస్ బాగుచేయడానికి ఆ కాగితమే ఆధారం. ఇంజినీరింగ్ కాలేజీ అయితే సర్వే ప్రాక్టికల్ కింద పిల్లలతోనే చేయించవచ్చు, వాళ్లకూ సరదాగా ఉంటుంది.

తీసినదాన్ని ఎక్కడ పారేస్తారో ముందే రాయించుకోకపోతే అది ఊరి బయట వంకలో తేలుతుంది. తగలబెట్టనివ్వకండి, ప్లాస్టిక్, రబ్బరు కలిసిన పొగ అది. మూలల్లో బాగున్న పట్టీలు క్రికెట్ నెట్స్ కింద, జిమ్ బయట, చిన్న బడుల ఆటస్థలాల్లో పనికొస్తాయి. రబ్బరు శుభ్రంగా ఉంటే జల్లించి కొంత మళ్లీ వాడవచ్చు. ఎర్రమట్టి కలిసిపోయిన ఇసుకను మళ్లీ వాడటం మాత్రం పనికిరాని పొదుపు.

బేస్: డబ్బంతా ఇక్కడే నిలబడాలి

పాతది తీశాక రెండు మూడు రోజులు ఏ పనీ చేయించకుండా మైదానాన్ని మీ చేతిలో పెట్టుకోండి. కాంట్రాక్టరు తొందర పెడతాడు. పెట్టనివ్వండి.

ఆటో లెవెల్‌తో (ఎత్తుపల్లాలు కొలిచే సర్వే పరికరం) ప్రతి ఐదు మీటర్లకూ ఎత్తు కొలిపించండి. నీళ్లు పోవాలంటే మధ్య నుంచి పక్కలకు అర శాతం నుంచి ఒక శాతం దాకా వాలు ఉండాలి. మధ్య నుంచి అంచు దాకా 37 మీటర్లు కాబట్టి, అర శాతం చొప్పున మధ్యభాగం అంచు కంటే సుమారు 18 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. తర్వాత మూడు మీటర్ల తిన్నటి అల్యూమినియం పట్టీ నేల మీద పెట్టి చూడండి. దాని కింద 10 ఎంఎం కంటే ఎక్కువ సందు కనిపించిన ప్రతి చోటా సున్నంతో గుర్తు పెట్టండి. షీటు వేస్తే సర్దుకుంటుందిలే అని ఎవరన్నా అంటే నమ్మకండి. కింద ఉన్న పల్లం ఆరు నెలల్లో పైకి కనిపిస్తుంది.

ఇక నీళ్ల పరీక్ష. పెయింటు డబ్బా అడుగు కోసేసి, నేల మీద బోర్లించినట్టు నిలబెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తాలి. ముందు కాసేపు నీళ్లు పోసి నేలను తడపాలి. ఆ తర్వాత నిండా పోసి స్కేలుతో కొలవాలి. నీటిమట్టం నిమిషానికి కనీసం 3 ఎంఎం దిగాలి. ఫిఫా చెప్పే గంటకు 180 ఎంఎం అంటే అదే లెక్క. మైదానంలో పది పన్నెండు చోట్ల చేయండి. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది 550 ఎంఎం వాన, దీనికి ఇంత హంగామా ఎందుకు అంటారు కొందరు. ఆ వాన ఏడాదంతా చినుకులుగా పడదు కదా. సెప్టెంబరులో ఒక్క సాయంత్రం కురిసేది చూస్తే డ్రైనేజీ ఎందుకో అర్థమవుతుంది.

నీళ్లు దిగని చోట పైపొర కంకరలో దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. ఆ భాగం తవ్వి తీసి, కడిగిన కంకర వేసి, రోలర్ తిప్పాలి. కింద 20 నుంచి 40 ఎంఎం, పైన 6 నుంచి 10 ఎంఎం చిప్స్ వేయడం మామూలు పద్ధతి. క్రషర్ డస్ట్ ఎక్కువ కలిస్తే పైకి నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది గానీ నీళ్లు దిగవు. మన దగ్గర క్రషర్లకు కొదవ లేదు కాబట్టి లారీ దించే ముందే గుప్పెడు కంకర బకెట్ నీళ్లలో వేసి చూడండి, నీళ్లు బురదలా మారితే వెనక్కి పంపండి. రోలర్ తిప్పేటప్పుడు తడపడానికి ట్యాంకర్లు కావాలి. ఎండాకాలం అనంతపురంలో ట్యాంకర్ దొరకడమే ఒక పని, కాబట్టి దాని బాధ్యత ఎవరిదో కాంట్రాక్టులో రాయండి.

అంచుల వెంట చిల్లుల పైపులు, చుట్టూ కాలువ ఉంటే అవి శుభ్రం చేయించి, ఒక చివర నీళ్లు వదిలి మరో చివర వస్తున్నాయో లేదో చూడండి. వేపచెట్లు దగ్గరగా ఉంటే వేర్లు పైపుల్లో దూరి ఉంటాయి. గోల్ పోస్టుల సాకెట్లు, కార్నర్ జెండాల గుంతలు, నీళ్లు చల్లే పైపులైను ఇప్పుడే పూర్తిచేయాలి. షీటు వేశాక గుర్తొస్తే దాన్ని కోయాల్సిందే.

కర్నూలు, నంద్యాల, తాడిపత్రి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి మీద ఉన్న మైదానాలది వేరే కథ. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. లెవెల్‌లో అలలు కనిపిస్తే పైన కంకర సర్దినంత మాత్రాన సరిపోదు. రేగడిని కొంత లోతు తీసేసి గ్రావెల్ నింపడమో, సున్నం కలిపి గట్టిపరచడమో చేసి, మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. దీనికి మట్టి పరీక్ష చేయించి, సివిల్ ఇంజినీరుతో డిజైన్ రాయించుకోండి. ఇది కాంట్రాక్టరు అనుభవానికి వదిలేసే విషయం కాదు.

షాక్ ప్యాడ్

పాత మైదానంలో ప్యాడ్ ఉండి బాగుంటే ఉంచేయవచ్చు. షీటు కంటే రెట్టింపు కాలం పనిచేసేవి ఉన్నాయి. చిరుగులు, గట్టిపడిన చోట్లు మార్చితే చాలు. ప్యాడ్ లేకపోతే వేయించమనే నా సలహా. రబ్బరు చెదిరిపోయినా పిల్లల మోకాళ్లను కాచేది అదే. బడ్జెట్ చాలకపోతే షీటు ఒక మెట్టు తగ్గించండి, ప్యాడ్ మాత్రం వదలకండి.

పరచడం, అతికించడం

షీటు చుట్టలు 4 మీటర్ల వెడల్పుతో వస్తాయి. 111 మీటర్ల పొడవుకు 28 చుట్టలు, ఒక్కొక్కటి 74 మీటర్లు. మధ్యలో 27 జాయింట్లు. లెక్క కడితే దాదాపు రెండు కిలోమీటర్ల అతుకు. టర్ఫ్ చెడిపోవడం మొదలయ్యేది ఈ రెండు కిలోమీటర్లలోనే.

చుట్టలన్నీ ఒకే లాట్‌వి అయి ఉండాలి. వేర్వేరు లాట్లయితే పచ్చరంగులో తేడా ఎండలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పోచలన్నీ ఒకే దిక్కుకు వాలేలా పరవాలి. పరిచాక కొన్ని గంటలు వదిలేస్తే ముడతలు సర్దుకుంటాయి. అంచున రెండు మూడు కుచ్చుల వరసలు కోసి, రెండు షీట్లు దగ్గరికి తెచ్చి, కింద టేపు పరిచి, రెండు భాగాల పాలియురేథేన్ జిగురు పళ్ల గరిటెతో సమంగా రాయాలి. షీటులో రెండు కుచ్చు వరసల మధ్య ఎంత ఎడం ఉందో అతుకు దగ్గరా అంతే ఉండాలి. ఎక్కువైతే గీతలా కనిపిస్తుంది, తక్కువైతే గట్టులా లేస్తుంది. జిగురు కలిపాక ఎండలో నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలపాలి. బిగుసుకుంటున్న డబ్బాలో మళ్లీ ఏదో పోసి పల్చన చేయడం చూస్తే పని ఆపించండి. దుమ్ము లేచే గాలి ఉన్నప్పుడూ అంతే, జిగురు మీద ఎర్రమట్టి పడితే అది పట్టదు.

మర్నాడు పొద్దున ప్రతి అతుకు వెంటా నడిచి, అక్కడక్కడ చేత్తో లాగి చూడండి. ఇసుక పోశాక ఈ లోపం ఎవరికీ కనిపించదు.

గీతలు

తెల్ల షీటు పట్టీలు కోసి అతికించే గీతలే మేలు, పెయింటు మన ఎండకు వెలిసిపోతుంది. గీత వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు. కోయడానికి ముందు మైదానం మూలలు సరిచూడాలి. 105, 68 కొలతలకు ఐమూల దూరం 125 మీటర్ల 10 సెంటీమీటర్లు రావాలి, రెండు వైపులా. పెనాల్టీ స్పాట్ 11 మీటర్లు, పెనాల్టీ ఏరియా 16.5, సెంటర్ సర్కిల్ వ్యాసార్ధం 9.15. ఒకే గ్రౌండ్‌లో హాకీ, హ్యాండ్‌బాల్ గీతలు కూడా వేయించాలని మేనేజ్‌మెంట్ అడుగుతుంది. మర్యాదగా వద్దనండి.

ఇసుక, రబ్బరు

ముందు ఇసుక, దాని మీద రబ్బరు. ఇసుక షీటును కదలకుండా పట్టి ఉంచుతుంది, రబ్బరు కాలికి మెత్తదనం ఇస్తుంది. పెన్నా ఇసుకో, చిత్రావతి ఇసుకో దగ్గర్లో ఉంది కదా అని పోయవద్దు. అందులో మన్ను ఉంటుంది, రేణువులు కోసుగా ఉంటే పోచను అరగదీస్తాయి. కడిగి ఆరబెట్టిన గుండ్రటి సిలికా ఇసుక కావాలి. గూడూరు, చిల్లకూరు వైపు సిలికా ఇసుక దొరుకుతుంది. అయినా రేణువు సైజు, ఆకారం రిపోర్టు చూసే ఆర్డరివ్వండి.

50 ఎంఎం పోచకు ఉదాహరణగా లెక్క చూద్దాం. చదరపు మీటరుకు 15 కిలోల ఇసుక సుమారు 10 ఎంఎం మందం, 10 కిలోల రబ్బరు సుమారు 20 ఎంఎం. పైన 20 ఎంఎం పోచ కనిపిస్తుంది. మొత్తానికి 123 టన్నుల ఇసుక, 82 టన్నుల రబ్బరు. ఎంత పోశారో కంటితో చెప్పలేం. ప్రతి లారీకి వేబ్రిడ్జి చీటీ తీసుకొని ఫైల్లో పెట్టండి, చివర్లో కూడండి. ఒక్కసారి కుమ్మరించకుండా పల్చటి పొరలుగా చల్లి, ప్రతి పొరకూ బ్రష్ కొట్టాలి. లేకపోతే పోచ కింద నలిగి పడిపోతుంది. అన్నీ పొడిగా ఉండాలి.

పాత టైర్ల నల్ల రబ్బరు చవక, కానీ ఎండకు బాగా కాలుతుంది. కొబ్బరి పీచు, బెండు (కార్క్) గుళికలు చల్లగా ఉంటాయని చెప్తారు. కొబ్బరి పీచుకు తడి కావాలి, మన గాలికి ఎగిరిపోతుంది. బెండు పెద్ద వానకు తేలిపోతుంది. ఇప్పటికి ఇక్కడ రబ్బరే నడుస్తుందని నా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం అక్కడ ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకం 2031 అక్టోబరు నుంచి ఆగిపోతుంది. ఇప్పుడు వేసే టర్ఫ్ మళ్లీ మార్చే నాటికి మన మార్కెట్లోనూ వేరే సరుకు రావచ్చు. గుళికలు బయటికి పోకుండా మైదానం చుట్టూ చిన్న గట్టు, గేటు దగ్గర బూట్లు దులుపుకొనే జాలీ పెట్టండి. ఆ జాలీయే లోపలికి వచ్చే ఎర్రమట్టినీ ఆపుతుంది.

చివరి బిల్లుకు ముందు

బంతి పరీక్ష మళ్లీ చేయండి. మీటరు ఎత్తు వాలుబల్ల మీద నుంచి బంతిని దొర్లించి చూడండి, 4 నుంచి 10 మీటర్ల లోపు ఆగాలి. నీళ్లు చల్లి ఎక్కడన్నా నిలుస్తున్నాయేమో చూడండి. పోటీలు పెట్టే ఉద్దేశం ఉంటే గుర్తింపు పొందిన ల్యాబు వాళ్లతో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోండి. ఫిఫా క్వాలిటీ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. బిల్లులో కొంత భాగం అక్టోబరు వానలు దాటేదాకా ఆపుతామని మొదటి ఒప్పందంలోనే ఉండాలి. మిగిలిన షీటు ముక్కలు, ఒక డబ్బా జిగురు, పది బస్తాల రబ్బరు స్టోర్ రూములో పెట్టించుకోండి.

వాడకం

వారానికోసారి బ్రష్, అదీ ఒక వారం నిలువుగా, మరో వారం అడ్డంగా. పెనాల్టీ స్పాట్, కార్నర్ దగ్గర రబ్బరు తగ్గితే వెంటనే నింపాలి. ఫిబ్రవరి, మార్చిలో వేపాకు రాలినప్పుడు రోజూ ఊడవాలి, కుళ్లితే నీళ్లు దిగవు. ప్రాక్టీసు పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత. మధ్యాహ్నం మ్యాచ్ తప్పకపోతే ముందు నీళ్లు చల్లినా చల్లదనం అరగంటకు మించి నిలవదు. పైగా మన బోరు నీళ్ల ఉప్పు పోచల మీద తెల్లగా పేరుకుంటుంది.

టర్ఫ్‌కు అసలు శత్రువు కాలేజీ డే. షామియానా గుంజలు, స్టేజీ మోసుకొచ్చే ట్రాక్టరు, వెయ్యి కుర్చీల ఇనుప కాళ్లు, బాణసంచా. ప్రిన్సిపాల్ సంతకంతో ఒక సర్క్యులర్ ముందే తీయించి పెట్టుకోండి: గ్రౌండ్‌లోకి బండి రాదు, గుంజ పాతరు, నిప్పు వెలిగించరు. బ్రష్ కొట్టిన తేదీ, ఆడిన గంటలు, నింపిన రబ్బరు ఒక రిజిస్టరులో రాసి పీడీ సార్ సంతకం పెట్టాలి. వారంటీ కింద అతుకు ఊడిందని ఫోన్ చేసిన రోజు కంపెనీ వాళ్లు మొదట అడిగేది ఆ రిజిస్టరునే.